అండమాన్ దీవుల లోక్‌సభ సభ్యుడు: పార్టీ విధేయత, ప్రజాభీష్టం

1952లో తొలి లోక్‌సభ కొలువుదీరినపుడు అండమాన్ నికోబార్ దీవుల స్థానంలో ఆసీనులైనవారు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. కార్ నికోబార్ దీవిలో పుట్టిన నికోబారీయులు, మతాచార్యులు, ఉపాధ్యాయులు, జపాను సైన్యం దీవులను ఆక్రమించుకున్న 1942-45 నాటి ఘోరాలను స్వయంగా అనుభవించినవారు. ఆయనకు ఓటు వేసినవారు ఒక్కరూ లేరు. ఆయనను అభ్యర్థిగా నిలబెట్టిన పార్టీ కూడా లేదు. రాష్ట్రపతి నామినేట్ చేయగా సభకు వచ్చారు. 1957లో లచ్‌మన్ సింగ్, 1962లో నిరంజన్ లాల్ ఆ విధంగానే వచ్చారు. దేశమంతటా వయోజనులు తమ ప్రతినిధులను ఎన్నుకొంటున్న ఆ 15 సంవత్సరాల పాటు ఈ ద్వీపవాసులకు మాత్రం ఆ అవకాశం కలుగలేదు.

చట్టసభ సభ్యుడు తన పార్టీ మాట వినాలా, తనను గెలిపించిన ప్రజల మాట వినాలా అనే ప్రశ్న ప్రజాస్వామ్యమంత పాతది. కాని పార్టీ, ఓటరు రెండూ లేని స్థితి నుండి బయలుదేరి, ఆ రెండింటి మధ్య ఈడ్పులాట దాకా నడిచి వచ్చిన నియోజకవర్గం మన దేశంలో అరుదు. అందువల్లనే ఈ చిన్న దీవుల ఎన్నికల చరిత్రను కొంచెం నిదానంగా చూడవలసి ఉన్నది.

రాజనీతి గ్రంథాలు ఈ చర్చకు సాధారణంగా ఎడ్మండ్ బర్క్‌తో శ్రీకారం చుడతాయి. 1774లో బ్రిస్టల్ నగర ఓటర్ల ఎదుట ఆయన, ప్రతినిధి తన ఓటర్లకు సమర్పించవలసినది తన వివేచననే కాని వారి ఆజ్ఞలను శిరసావహించడం కాదని ప్రకటించారు. ఆరేళ్ల తరువాత, 1780లో, ఓటమి తప్పదని గ్రహించి అదే బ్రిస్టల్‌లో పోటీ నుండి విరమించుకున్నారు. మొదటి సంగతిని ఉదహరించేవారు రెండవ సంగతిని తరచు మరచిపోతారు. ఏది ఏమైనా బర్క్ నాటి సభ్యునికి ఒక నగరం, ఒక మనస్సాక్షి. మధ్యలో నేటి కట్టుదిట్టమైన పార్టీ యంత్రాంగం లేదు. మన చర్చకు ఆయన కొంత దూరం మాత్రమే తోడు రాగలరు.

అండమాన్ నికోబార్ దీవులు 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడ్డాయి. చీఫ్ కమిషనర్ పాలన 1982 వరకు సాగింది. ఆ తరువాత లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. శాసనసభ ఎన్నడూ లేదు. 1994 నాటి నిబంధనల మేరకు పంచాయతీలు, జిల్లా పరిషత్తు, పురపాలక మండలి ఏర్పడినా, మంత్రివర్గం లేదు, ముఖ్యమంత్రి లేడు. ఉత్తరం నుండి దక్షిణానికి 700 కిలోమీటర్లకు మించి సముద్రంలో పరచుకొన్న ఈ దీవులకు 2011 జనాభా లెక్కల ప్రకారం ఉన్నవారు 3,80,581 మంది. వారందరికీ ఢిల్లీలో ఉన్నది ఒకే ఒక సభ్యుడు. రాజ్యసభలో స్థానం లేదు.

దీని పర్యవసానం గమనించండి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఒక గ్రామస్థుడు మంచినీటికి సర్పంచినీ, రోడ్డుకు శాసనసభ్యునీ, రైలుకు పార్లమెంటు సభ్యునీ ఆశ్రయిస్తాడు. దీవులలో శాసనసభ్యుని బరువు, పార్లమెంటు సభ్యుని బరువు ఒక్క భుజం మీదనే పడతాయి. ఓడలో టికెట్టు, చెన్నై ఆసుపత్రికి వెళ్లవలసిన రోగి ప్రయాణం, భూమి పట్టా, కళాశాలలో సీటు, డీజిల్ జనరేటరు మూలిగితే ఆగిపోయే కరెంటు — అన్నీ ఆయన వాకిటికే వస్తాయి. ఈ వ్యాసకర్త ఉద్యోగరీత్యా కొంతకాలం ఆ దీవులలో గడిపినపుడు, అర్జీలతో వచ్చేవారు మొదట అడిగే ప్రశ్న ‘సభ్యుడు ఇప్పుడు దీవిలో ఉన్నారా, ఢిల్లీలో ఉన్నారా’ అన్నదే. ఆయన ఏ పార్టీవారన్నది తరువాతి ముచ్చట. కాని ఆ అర్జీ మీద ఉత్తర్వు వెలువడవలసిన చోటు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ. అక్కడికి చేరేసరికి ఆయన ఏ పార్టీవారన్నది తిరిగి మొదటి ప్రశ్న అవుతుంది. పార్టీ విధేయతకు, ప్రజాభీష్టానికి మధ్య దీవులలో కనిపించే ప్రత్యేక సంబంధం ఇదే: ప్రజల పని చేయించే సాధనం పార్టీయే.

1965లో పార్లమెంటు కేంద్రపాలిత ప్రాంతాల ప్రత్యక్ష ఎన్నికల చట్టం చేసిన మీదట, 1967లో తొలిసారిగా ద్వీపవాసులు ఓటు వేశారు. గెలిచినవారు కాంగ్రెసు అభ్యర్థి కె. ఆర్. గణేశ్. 1971లోనూ ఆయనే గెలిచారు. శ్రీమతి ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఆర్థిక శాఖ సహాయమంత్రిగా పనిచేశారు. నిన్నటి దాకా ఓటే లేని చోటి నుండి వచ్చిన సభ్యుడు కేంద్రమంత్రి కావడం చిన్న విషయం కాదు. పార్టీ, ప్రజ ఒకే దిశగా నడచిన కాలమది.

ఆ పొందిక 1977లో తెగిపోయింది. జనవరి 18న లోక్‌సభ రద్దయింది. ఫిబ్రవరి 2న జగ్జీవన్ రామ్, హేమవతీ నందన్ బహుగుణ, నందినీ శతపథి కాంగ్రెసును వీడి ‘కాంగ్రెస్ ఫర్ డెమొక్రసీ’ని స్థాపించినపుడు వారితో కలసి బయటికి నడచిన కొద్దిమందిలో గణేశ్ ఒకరు. తేదీల వరుసలో ఒక విశేషం ఉన్నది. ఆయన పార్టీని వీడేనాటికి సభే లేదు. పార్టీ గుర్తుపై గెలిచిన స్థానాన్ని వెంటబెట్టుకొని మరొక పక్షానికి వెళ్లారన్న నింద ఆయనకు తగలదు. పార్టీని వీడదలచినవానికి అంతకంటె నిష్కళంకమైన ఘడియ ఉండదు: తీర్పు చెప్పవలసిన ఓటరు ఆరు వారాల దూరంలోనే ఉన్నాడు.

ఓటరు తీర్పు చెప్పాడు. మార్చిలో ఉత్తర భారతమంతటా కాంగ్రెసు కొట్టుకుపోయింది. దీవులు మాత్రం కాంగ్రెసు అభ్యర్థి మనోరంజన్ భక్తను పంపాయి. ఆంధ్రప్రదేశ్ కూడా 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చిన సంవత్సరమది కనుక తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచదు. బంగాళాఖాతానికి ఈ ఒడ్డునా ఆ దీవులలోనూ గాలి ఒకే విధంగా వీచింది. గణేశ్ తిరిగి లోక్‌సభలో అడుగుపెట్టలేదు. మంత్రిపదవి నెరపిన తమ సభ్యుడు సిద్ధాంతం కోసం పార్టీని వీడితే ఓటర్లు ఆయన వెంట వెళ్లలేదు, పార్టీతోనే ఉండిపోయారు. ఓటర్లు ఆయనను నిరాకరించారని కాక, ఆయన ఎదుర్కొన్న ప్రశ్న ఢిల్లీ ప్రశ్న అని, ఓటర్ల ప్రశ్న ఓడలదీ భూములదీ అని అర్థం చేసుకోవడం సమంజసమని నా అభిప్రాయం. అత్యవసర పరిస్థితి గురించి జగ్జీవన్ రామ్ ఏమనుకొన్నారన్నది మాయాబందరులో వరి పండించుకొనే తూర్పు బెంగాల్ శరణార్థికి బహుదూరపు వార్త.

ఇక్కడ ఒక వాడుక అభిప్రాయాన్ని పరీక్షించాలి. కేంద్రం నేరుగా పాలించే చిన్న ప్రాంతాలు ఎల్లప్పుడూ కేంద్రంలోని అధికార పక్షానికే ఓటు వేస్తాయని, వేరు దారి లేదని మన కార్యాలయాలలోనూ అనుకుంటారు. లెక్క చూస్తే అది నిలవదు. 1967 నుండి 2024 వరకు జరిగిన 15 లోక్‌సభ ఎన్నికలలో దీవులు తొమ్మిదిసార్లు ప్రభుత్వం నడిపిన పార్టీ సభ్యుని, ఆరుసార్లు — 1977, 1989, 1996, 1998, 2009, 2019లలో — ప్రభుత్వంలో లేని పార్టీ సభ్యుని పంపాయి. మనోరంజన్ భక్త 1977 నుండి 1998 వరకు వరుసగా ఏడుసార్లు గెలిచారు. ఆ ఏడింటిలో నాలుగుసార్లు ఆయన పార్టీ అధికారానికి వెలుపల ఉన్నది. ఓటర్లు ఢిల్లీ గాలిని బట్టి కాక, తమకు తెలిసిన మనిషిని బట్టి, ఆ మనిషి అంటిపెట్టుకొన్న పార్టీని బట్టి ఓటు వేశారనుకోవాలి.

భక్త విజయపరంపర మధ్యలో దేశపు చట్టం మారింది. ఆ మార్పు వెనుక ఉన్న కథలో తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పూటకొక పార్టీ మారి సామెతగా మిగిలిపోయిన నాటి నుండి ఫిరాయింపులపై చర్చ నడుస్తూనే ఉన్నది. 1984 ఆగస్టులో హైదరాబాదులో ఎన్. టి. రామారావు ప్రభుత్వం బర్తరఫ్ అయి, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయినపుడు, శాసనసభ్యులను స్టూడియోలలోనూ ఇతర రాష్ట్రాల విడుదులలోనూ కాపాడుకోవలసి వచ్చింది. ఆ నెల రోజులు మన తరంవారికి ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంటాయి. మరుసటి సంవత్సరమే, 1985లో, 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. అంతవరకు ‘రాజకీయ పార్టీ’ అన్న మాటే మన రాజ్యాంగంలో లేదు. వచ్చీరాగానే అది సభ్యుని మెడపై కత్తిగా వచ్చింది: పార్టీని స్వచ్ఛందంగా వదలినా, విప్‌ను ధిక్కరించి ఓటు వేసినా సభ్యత్వం పోతుంది. మూడింట ఒక వంతు మంది కలసి చీలితే అనర్హత లేదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తొలగించింది. 1992లో కిహోటో హోల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూనే, విప్ ధిక్కారానికి అనర్హత అనే శిక్ష ప్రభుత్వ మనుగడకు, పార్టీ మౌలిక విధానానికి సంబంధించిన ఓటింగులకు పరిమితం కావడం మంచిదని సూచించింది. పార్టీలు ఆ సూచనను పెద్దగా పట్టించుకోలేదు.

పెద్ద రాష్ట్రం నుండి వచ్చిన సభ్యుడు పార్టీని ఎదిరిస్తే అతనికి తోడు దొరుకుతుంది. రాష్ట్ర విభజన బిల్లు నాటి సంగతులు ఇందుకు తార్కాణం. సీమాంధ్ర కాంగ్రెసు సభ్యులు కొందరు తమ పార్టీ ప్రభుత్వంపైనే అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చారు. 2014 ఫిబ్రవరి 11న పార్టీ ఆరుగురిని బహిష్కరించింది. అదే పార్టీకి చెందిన తెలంగాణ సభ్యులు అదే బిల్లు కోసం అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా అధిష్ఠానాన్ని ఒత్తిడి చేస్తూ వచ్చారు. ఒక పార్టీ, రెండు ప్రజాభీష్టాలు. ఆ తరువాతి ఎన్నికలలో సీమాంధ్రలోని 25 స్థానాలలో ఒక్కటీ కాంగ్రెసుకు దక్కలేదు. ఎదిరించినవారు ఆరుగురైనా ఒకరైనా, వారి వెనుక వీధులలో జనం ఉన్నారు. దీవుల సభ్యునికి ఆ వసతి లేదు. 543 మందిలో తన ప్రాంతానికి తాను ఒక్కడే. గుంపుగా నిలవడానికి ఇంకొకరు లేరు.

అయితే విప్ అనే కొరడా ఆయన వీపును తాకిన సందర్భాలు నిజానికి తక్కువే. కారణం సులభం. ద్వీపవాసుల కోర్కెలలో చాలా భాగం ఓటింగు దాకా వెళ్లేవి కావు. ఓడల సంఖ్య పెంచాలని, విశాఖపట్నానికి రాకపోకలు సక్రమంగా సాగాలని, తాగునీటి పథకం పూర్తి కావాలని కోరడానికి ప్రశ్నోత్తరాల సమయం, జీరో అవర్, 377వ నిబంధన చాలు. అక్కడ పార్టీ ఆజ్ఞ లేదు. సభ్యుడు ఏ పక్షంలో ఉన్నా నోరు విప్పవచ్చు. పరిపాలనలో ఉన్నవారికి తెలిసిన విషయమే: మంత్రి బల్లపై పడే కాగితం, సభలో పడే ఓటు వేరు వేరు. సంఘర్షణ మొదలయ్యేది కోర్కె విధానంగా మారినపుడే. ఎన్నికైన శాసనసభ కావాలన్నది అటువంటి కోర్కె. దీవులలో అది పాత కోర్కె. ఢిల్లీలో రక్షణ వ్యూహం, జనసంఖ్య అనే రెండు మాటలతో ఆగిపోయే కోర్కె కూడా. ప్రభుత్వాలు మారినా సమాధానం మారలేదు.

ఈ సందర్భంలో యానాం గుర్తుకు వస్తుంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ తెలుగు పట్టణం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 2011లో జనాభా 55,626. వారికి 30 మంది ఎన్నికైన సభ్యులు గల శాసనసభలో తమ సొంత సభ్యుడున్నాడు. 2021లో అక్కడి ఓటర్లు, తరువాత ముఖ్యమంత్రి అయిన ఎన్. రంగస్వామిని సైతం కాదని స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌ను గెలిపించారు. పార్టీ కంటె ఊరే పెద్దదని చెప్పడానికి యానాంకు ఒక వేదిక ఉన్నది. దానికి దాదాపు ఏడు రెట్ల జనాభా గల దీవులకు ఆ వేదిక లేదు. పురపాలక మండలిలోనో పంచాయతీలలోనో మాత్రమే ఆ మాట చెప్పగలరు.

చెప్పిన సందర్భమూ ఉన్నది. 2011 లెక్కల ప్రకారం దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైబడి ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం మన భాషదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి చేపల వేటకు వెళ్లి స్థిరపడినవారు వీరిలో చాలామంది. 2022 పోర్ట్ బ్లెయిర్ పురపాలక ఎన్నికలలో 24 వార్డులకు తెలుగుదేశం పార్టీ రెండు గెలిచింది. కాంగ్రెసుకు, భారతీయ జనతా పార్టీకి చెరి పది రావడంతో ఆ రెండే తూకపురాళ్లయ్యాయి. 2023 మార్చిలో భారతీయ జనతా పార్టీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి మండలి అధ్యక్షులయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆనాటికి ఆ రెండు పార్టీల మధ్య పొత్తు లేదు. అమరావతిలో కుదరని పొందిక బంగాళాఖాతం నడుమ కుదిరింది. ఆ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారింది.

లోక్‌సభ స్థానం విషయానికి తిరిగి వస్తే, ఇటీవలి చరిత్రలో 1977కు తలక్రిందులైన చిత్రం కనబడుతుంది. 1999లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి విష్ణుపద రాయ్ ఆ స్థానాన్ని గెలిచారు. 2004లో భక్త తిరిగి వచ్చారు. 2009లో కాంగ్రెసు, సభ్యుడుగా ఉన్న భక్తకు బదులు కుల్‌దీప్ రాయ్ శర్మను నిలబెట్టింది. స్థానం స్వల్ప తేడాతో రాయ్‌కు పోయింది. 2014లో రాయ్ 7,812 ఓట్ల ఆధిక్యంతో నిలుపుకున్నారు. 2019లో ఆయన పార్టీ ఆయనకు బదులు విశాల్ జాలీని నిలబెట్టింది. దేశమంతటా ఆ పార్టీ ఘనవిజయం సాధించిన ఆ ఎన్నికలలోనే దీవులలో శర్మ 1,407 ఓట్ల తేడాతో గెలిచారు. 2024లో పార్టీ మళ్లీ రాయ్‌ను నిలబెట్టగా ఆయన 24,396 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

ఈ అంకెలకు మితిమీరిన అర్థం కట్టరాదు. మూడు లక్షల పైచిలుకు ఓటర్లలో వెయ్యిన్నర ఓట్ల తేడాకు ఒక ఓడ ఆలస్యం కావడం కూడా కారణం కావచ్చును. అయినా ఒక్క విషయాన్ని పక్కన పెట్టలేము. 1977లో సభ్యుడు పార్టీని వదలినపుడు స్థానం పార్టీకే నిలిచింది. 2009లో, 2019లో పార్టీ సభ్యుని వదలినపుడు స్థానం పార్టీకి నిలువలేదు. తొలి తరం ఓటరు మనిషి కంటె గుర్తును నమ్మాడు. నలభై ఏళ్ల తరువాతి ఓటరు గుర్తుతో పాటు మనిషినీ అడిగాడు. ఫిరాయింపుల చట్టం సభ్యుని పార్టీకి కట్టివేసిందే కాని, పార్టీని సభ్యునికి కట్టివేయలేదు. ఆ రెండవ ముడిని, చట్టం చేయని పనిని, ఓటరు తన చేతనైనంతలో వేస్తున్నట్టున్నది. 2019లో టికెట్టు దక్కని రాయ్ పార్టీలోనే ఉండిపోయి ఐదేళ్ల తరువాత తిరిగి వచ్చిన తీరును గణేశ్ కథ పక్కన పెట్టి చూస్తే, విధేయత అనే మాటకు అర్థం కూడా మారిందని తోస్తుంది.

ఇంతవరకు ‘ప్రజాభీష్టం’ అన్న మాటను అదేదో ఒకే ముద్దగా ఉన్నట్టు వాడుతూ వచ్చాను. దీవులలో అది అంత సులభం కాదు. శిక్షాఖైదీల సంతతివారు, 1949 నుండి వచ్చి స్థిరపడిన తూర్పు బెంగాల్ శరణార్థులు, తమిళులు, తెలుగువారు, రాంచీ ప్రాంతపు శ్రామికులు, నికోబారీయులు — వీరి కోర్కెలు కొన్ని ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. అందులో అన్నిటికంటె క్లిష్టమైనది అండమాన్ ట్రంక్ రోడ్డు. దక్షిణ అండమాన్‌ను మధ్య, ఉత్తర అండమాన్‌లతో కలిపే ఈ దారి జరావాల రిజర్వు అడవి గుండా పోతుంది. బయటివారితో ఏ సంబంధమూ కోరక విల్లంబులతో అడవిలో ఉండిన జరావాలు 1997-98 నుండి అడవి వెలుపలికి రాసాగారు. 2002 మే 7న సుప్రీంకోర్టు రిజర్వులోని ఆ రోడ్డు భాగాలను మూసివేయమని ఆదేశించింది. అయినా వాహనాలు బారులు తీరి, పోలీసు కాపలాతో, ఆ దారిన నడుస్తూనే ఉన్నాయి. దిగ్లీపూర్‌లోని రోగికీ, రంగత్‌లోని వ్యాపారికీ, పరీక్షకు పోయే విద్యార్థికీ రోడ్డు ప్రాణాధారం. ఓటు వేసేవారు వారే. రోడ్డు మూయాలని చెప్పి ఏ పార్టీ సభ్యుడూ మధ్య అండమాన్‌లో ఓట్లు అడుగలేడు. ఇక్కడ పార్టీకీ ప్రజలకూ తగాదా లేదు; రెండూ ఒకవైపే ఉన్నాయి. రెండవ వైపు ఉన్నవారికి ఓటు లేదు.

గ్రేట్ నికోబార్‌లో ఇదే ప్రశ్న మరొక రూపంలో వచ్చింది. అక్కడి ఓడరేవు, విమానాశ్రయం, నగర నిర్మాణ ప్రణాళికకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. ఉద్యోగాలు, రాకపోకలు పెరుగుతాయని ఆశపడేవారు దీవులలో తక్కువేమీ లేరు. అదే సంవత్సరం నవంబరులో లిటిల్, గ్రేట్ నికోబార్ల గిరిజన మండలి తాను ముందు ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని ఉపసంహరించుకున్నది. 2004 డిసెంబరు సునామీ నాడు విడిచిపెట్టవలసి వచ్చిన తమ పూర్వీకుల ఊళ్లకు తిరిగి పోవాలన్నది వారి కోర్కె. ఒకే నియోజకవర్గం, ఒకే సభ్యుడు. తూకంలో ఒకవైపు వేలు, మరొకవైపు వందలు.

2024 ఏప్రిల్ 19న గ్రేట్ నికోబార్ అడవులలోని షోంపెన్ తెగవారు ఏడుగురు తొలిసారిగా లోక్‌సభ ఎన్నికలలో ఓటు వేశారు. 2025 జనవరిలో 19 మంది జరావాలు తొలిసారిగా ఓటర్ల జాబితాలో చేరారు. జిర్కాటాంగ్‌లో వారికి గుర్తింపు కార్డులు అందజేశారు. బిషప్ రిచర్డ్‌సన్ లోక్‌సభలో అడుగుపెట్టి అప్పటికి 72 సంవత్సరాలు దాటాయి. రోడ్డును గురించి ఆ 19 మంది అభీష్టం ఏమిటో అడగాలంటే ముందు వారి భాష రావాలి. ఆ భాష వచ్చినవారు దీవుల పాలనలో వేళ్లమీద లెక్కింపదగినంతమందే.